మూడో ఆట

రెండు కర్రలు, ఒక్కో చేతికి ఒకటి. రెండూ ముందుకి తోస్తే ట్యాంకు ముందుకి పోతుంది, రెండూ వెనక్కి లాగితే వెనక్కి వస్తుంది, ఒకటి తోసి ఒకటి లాగితే ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది, కుడి కర్ర మీది ఎర్ర బొత్తాం నొక్కితే గుండు పేలుతుంది. ఇంతేనండీ, ఇంకేం లేదు అన్నాడు పాండురంగారావు. ఇదే కొట్లో మొన్నటిదాకా సైకిళ్ళకి పంక్చర్లు వేసేవాడు. ఇప్పుడు మద్రాసులో ఎవరో వదిలించుకున్న వీడియో గేమ్ పెట్టె ఒకటి తెచ్చి బీరువాలా గోడకి ఆనించాడు. పెట్టెలో టీవీ ఉంది. టీవీలో గోడలున్నాయి, పైకప్పు లేచిపోయిన ఇంటిని తాడిచెట్టెక్కి చూస్తే ఎలా ఉంటుందో అలా. నడిమధ్య కొన్ని గుణకారం గుర్తులున్నాయి, అవి మందుపాతరలట, తొక్కితే మనమే పేలిపోతామట, లెక్క అవతలివాడికి పడుతుందట. ఒక మూల తెల్ల ట్యాంకు, నాది. ఎదుటి మూల నల్ల ట్యాంకు, వాడిది. వాడంటే శౌరి, నా బావమరిది, చచ్చిపోయిన నా భార్య దయామణికి తమ్ముడు. నాలుగేళ్ళుగా వాడితో నేను మాట్లాడలేదు. ఇప్పుడు వాడి మోచెయ్యి నా మోచేతికి తగులుతోంది. పెట్టె అంత ఇరుకు.

బయట మే నెల ఎండ. జంక్షన్‌లో లారీలు మామిడికాయల లోడుతో ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉన్నాయి. వరిగడ్డి వాసన, డీజిలు వాసన, గంపల అడుగున నలిగిన రసాల వాసన, అన్నీ కలిసి వేడిగా కొట్లోకి వస్తున్నాయి. వైజాగు బస్సు రెండింటికి రావాలి, మూడింటిదాకా రాదన్నారు. బస్సు షెడ్డులో బల్ల మీద మా అత్త జోజమ్మ కూర్చుని ఉంది, ఒళ్ళో టిఫిను క్యారేజీ పెట్టుకుని. ఆమెకి కళ్ళు సరిగా ఆనవు, ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. అందుకని ఊరి నుంచి చెయ్యి పట్టుకుని నేనే తీసుకొచ్చాను. కొడుకు వైజాగులో ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్నచోట మట్టిలారీ తోలడానికి పోతున్నాడు, మళ్ళీ ఎన్నేళ్ళకొస్తాడో, నేనుంటానో ఉండనో, ఒకసారి చూసి వస్తానంది. చూడడానికే వచ్చింది, మాట్లాడడానికి కాదు. నేను మాట్లాడనివాడితో ఆమె కూడా మాట్లాడదు. నాలుగేళ్ళుగా కొడుకుని గడప తొక్కనివ్వలేదు. వాడు ఉంగుటూరులో రైసుమిల్లు ట్రాక్టరు తోలుకుంటూ అక్కడే పడుకుని అక్కడే తిన్నాడు. ఇందాక వాడొచ్చి ఎదురుగా నిలబడితే క్యారేజీని కాస్త ముందుకి జరిపి మొహం పక్కకి తిప్పుకుంది. వాడు తీసుకోలేదు. బస్సొచ్చాక తీసుకుంటాలేమ్మా అని ఇటు వచ్చేశాడు. నేను ఎండకి తాళలేక ఇటొచ్చాను. వాడున్నాడని తెలిసే వచ్చానా, ఏమో. ఫ్యాను కింద నిలబడ్డాను.

"ఫ్యాను గాలి ఊరికే రాదండీ ఇక్కడ," అన్నాడు పాండురంగారావు. "ఇద్దరూ చూడబోతే గొడవపడ్డ బావా బావమరుదుల్లా ఉన్నారు. ఒకళ్ళనొకళ్ళు కాల్చుకోండి, వేడి దిగుద్ది."

శౌరి నవ్వాడు. నేను నవ్వలేదు. వాడు రూపాయి బిళ్ళ తీసి పెట్టెలో వేసి, నా మొహం చూడకుండా టీవీ అద్దంలోకి చూస్తూ అన్నాడు.

"మూడాటలు, బావా. రెండు నువ్వు గెలిస్తే నోరు మూసుకుని బస్సెక్కుతా, మళ్ళీ మీ కంటపడను. రెండు నేను గెలిస్తే మా అమ్మ దగ్గరికెళ్ళి చెప్పు. ఆ రోజు వాగు దారిన తోలమన్నది ఎవరో."

"నువ్వే చెప్పుకోలేకపోయావా ఇన్నాళ్ళూ?"

"నేను చెబితే తప్పించుకోడానికి చెప్పానంటారు. నువ్వు చెబితేనే చెల్లుద్ది."

"నీ చేతిలో నేనెప్పుడు ఓడాన్రా?"

"ఓడలేదుగా. మరి భయమెందుకు?"

ఆ సంగతి వాడికి తెలుసు, నాకు తెలుసు, ఇంకో మనిషికి తెలుసు. ఆ మనిషి లేదు. ఊరందరికీ తెలిసింది వేరు. తాచుపాము కరిచిన అక్కని ఆసుపత్రికి తీసుకెళ్తూ శౌరి అడ్డదారిలో ట్రాక్టరు దింపాడు, వాగులో కూరుకుపోయాడు, గంటన్నర పోయింది, అక్క పోయింది. డ్రైవరు వాడు కాబట్టి దారి వాడిదే అనుకున్నారు. నేను అనుకోనిచ్చాను. కర్రలు పట్టుకున్నాను. పెట్టె లోపలి నుంచి గొంతు పూడుకుపోయిన ఇంజను చప్పుడు మొదలైంది. నల్ల ట్యాంకు అప్పుడే కదిలింది. నేను ఎడమకి పోదామని ఎడమ కర్ర తోశాను, అది కుడికి తిరిగి గోడకి ముక్కు ఆనించింది. కుడి కర్ర తోశాను, ఎడమకి తిరిగి ఇంకో గోడ. ఇదేం బండి, ఎటు పొమ్మంటే దాని ఎదురు పోతుంది. ఈలోగా గుండు తగిలింది, నా ట్యాంకు బొంగరంలా తిరిగింది, పైన వాడి పక్క అంకె మారింది. మళ్ళీ తగిలింది. మళ్ళీ. వాడి చేతులు చూశాను. చేతులు కదిలినట్టే లేవు. ఇనుముతో వాడికి చిన్నప్పటి నుంచీ స్నేహం. మా తోట ఆసామి ట్రాక్టరు కొన్న ఏడు ఊళ్ళో ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. వీడు ఎక్కి కూర్చున్నాడు, పదిహేనో రోజుకి తోలేశాడు. మా తమ్ముడు స్టీరింగు పట్టాడని దయామణి చర్చి నుంచి వస్తూ దారిపొడుగునా చెప్పుకుంది. నాకు రెండెడ్లు ఉండేవి. తోటల నుంచి రోడ్డుకి కాయ తోలేది నా బండి. చెట్ల మధ్య ఎంత సందులోనైనా దూరేది, కొమ్మ తగిలేది కాదు, కాయ రాలేది కాదు. ట్రాక్టరు వచ్చాక పెద్ద తోటలు పోయాయి, ట్రాక్టరు దూరని సందులు మాత్రం నాకు మిగిలాయి. ఆ సంగతి నేను ఎవరితోనూ అనలేదు. దయామణి కనిపెట్టింది. ఆడవాళ్ళు అన్నం తినే తీరులో కనిపెట్టేస్తారు. మా తమ్ముడి మీద నీకు కచ్చెందుకు, వాడు నీ ఎడ్లని కోసుకు తినలేదుగా అంది ఒక రోజు. నేను కంచం తోసేశాను. ఎందుకు తోశాను, నిజమన్నందుకు. మరో గుండు. అంకెలు ఆరి వెలుగుతున్నాయి, ఆట ముగియబోతే అలా ఆరి వెలుగుతాయట. తొమ్మిది రెండు. ఆ రెండూ కూడా వాడు మందుపాతర తొక్కితే వచ్చినవి.

"ఒకటి పోయిందండీ," అన్నాడు పాండురంగారావు, నాకు తెలియదన్నట్టు. "కర్రల్ని అలా పీకకండి, అవి మామిడికొమ్మలు కావు."

శౌరి తువ్వాలుతో అరచేతులు తుడుచుకున్నాడు. వాడి తలలో అక్కడక్కడా తెల్లవెంట్రుకలు. ముప్పైఏళ్ళు రాలేదు ఇంకా. పెళ్ళి కాలేదు. విస్సన్నపేటలో ఒక సంబంధం దాదాపు కుదిరింది, పోయినేడు. పిల్ల తండ్రి ఆఖరి మాట కోసం మా ఊరొచ్చి, అత్తని కాక నన్ను అడిగాడు. కుర్రాడెలాంటివాడండీ అని. మంచి డ్రైవరు, కావాలంటే మా ఆవిడని అడగండి అన్నాను. ఆయన చెప్పులు తొడుక్కున్నాడు, వెళ్ళిపోయాడు. ఆ మాట అన్నాక రెండు రోజులు నాకు బాగుంది. మూడో రోజు బాగోలేదు. అయినా వెనక్కి తీసుకోలేదు. నేను అన్న మాట వెనక్కి తీసుకునే మనిషిని కాదని ఊళ్ళో పేరుంది. అదేదో గొప్ప సంగతైనట్టు మోశాను ఆ పేరుని. ఈసారి రూపాయి నేనే వేశాను.

రెండో ఆటలో చేతులకి ఒక సంగతి తట్టింది, నాకు తట్టకముందే. ఎడమకి పోవాలంటే ఎడమ కర్ర తోయకూడదు, లాగాలి. ఎడ్లకి అంతే. ఎడమ పగ్గం లాగితే ఎడమ ఎద్దు ఆగుతుంది, కుడిది నడుస్తుంది, బండి ఎడమకి తిరుగుతుంది. లాగడం నాకు తెలుసు. తోయడం తెలియదు. ఇంత సేపూ తోస్తూ కూర్చున్నాను. అక్కడి నుంచి ట్యాంకు నా చెప్పుచేతల్లోకి వచ్చింది. గోడ చివర ఆగాను, ఎడమ లాగాను, ముక్కు తిరిగింది, వదిలాను, బొత్తాం నొక్కాను. నల్లది గిరగిరా తిరిగింది. శౌరి నోట్లోంచి చిన్న చప్పుడు వచ్చింది, ఆ చప్పుడు నాకు తెలుసు. చర్చి మెట్ల మీద సుద్దతో గీసుకుని పులీమేకా ఆడేటప్పుడు, వాడి పులిని నా మేకలు మూలకి నెట్టేసినప్పుడు అలాగే చేసేవాడు. అప్పటికి నాకు పెళ్ళయి ఏడాది. వాడికి పన్నెండో పదమూడో. దయామణి పై మెట్టు మీద కూర్చుని జడ వేసుకుంటూ వాడికి సాయం చెప్పేది, ఒరే అటు దూకరా, ఒరే గుడ్డివాడా. నాకు ఎప్పుడూ చెప్పేది కాదు. మొగుడికి చెప్పవేమే అంటే, గెలిచేవాడికి చెప్పేదేముంది అనేది. నేను మేకల పక్షమే ఆడేవాణ్ణి. మేకలకి తొందర ఉండకూడదు. ఒకటి పోతే పోనిచ్చి, ఇంకోదాన్ని అడ్డం పెట్టి, పులికి దూకేచోటు లేకుండా చెయ్యాలి. ఇక్కడా అంతే. వాడికి పరుగెత్తడం ఇష్టం, గోడల మధ్య రయ్యిన వస్తాడు, నేను మూలన కూర్చుని వాడు ఏ సందులోంచి ముక్కు పెడతాడా అని చూశాను. పెట్టాడు. కొట్టాను. ఇంకో సందు. కొట్టాను. నాలుగు నాలుగు. ఐదు నాలుగు. చెమట కంట్లో పడినా తుడుచుకోలేదు. ఆరు నాలుగు. వాడు తప్పించుకోబోయి మందుపాతర మీదికి పోయాడు, ఏడు. అప్పుడు నవ్వాను. గొంతులోంచి నవ్వు వచ్చేసింది, పైకి, గట్టిగా. శౌరి చటుక్కున నా వైపు తిరిగాడు. పాండురంగారావు పెద్దాయన అందుకున్నాడండోయ్ అన్నాడు. నా నవ్వు నాకే వినపడి ఆగిపోయాను. నాలుగేళ్ళయింది. ఆమె మట్టిలో ఉంది, నేను హనుమాన్ జంక్షన్‌లో ట్యాంకులు కాలుస్తూ నవ్వుతున్నాను, అదీ వీడితో కలిసి. కానీ ఒంట్లో ఆ సంతోషం అలాగే ఉంది, నేను సిగ్గుపడ్డా పోలేదు. అలసిపోయిన ఎద్దుకి నీళ్ళు కనపడ్డట్టు లోపల ఏదో లాగుతోంది, ఇంకొకటి, ఇంకొక ఆట.

"చెరొకటి," అన్నాడు శౌరి.

"చెరొకటి," అన్నాను. నాలుగేళ్ళలో వాడితో పోట్లాట లేకుండా నేనన్న మొదటి మాట అదే.

వాకిట్లోంచి చూస్తే షెడ్డు కనిపిస్తోంది. అత్త అలాగే కూర్చుని ఉంది. క్యారేజీ మూత మీద చెయ్యి పెట్టుకుని ఉంది, ఈగలు వాలతాయని. అందులో ఏముందో నాకు తెలుసు. పొద్దున నాలుగింటికి లేచి గోంగూర పచ్చడి నూరింది, వాడికిష్టమని. నూరుతున్నంతసేపూ వాడి పేరు ఎత్తలేదు. నేను అడగలేదు. ఈ ముసలామెకి పుట్టిన ఇద్దరిలో ఒకరిని పాము తీసుకుంది, ఒకరిని నేను తీసుకున్నాను. అలా అనుకోవడం ఇదే మొదలా? కాదు. అనుకున్న ప్రతిసారీ వేరే పని చూసుకున్నాను. బిళ్ళ పెట్టెలో పడింది.

మూడో ఆట. ఈసారి వాడు పరుగెత్తలేదు. నేను చేసినట్టే మూలన నక్కాడు. నేనొక మూల, వాడొక మూల, మధ్యలో మందుపాతరలు, పైన రెండు సున్నాలు, ఇంజన్లు ఉత్తినే గురగురమంటున్నాయి. ట్రాక్టరు అలాగే గురగురమంటోంది, రెండు దారులు చీలేచోట. రాత్రంతా గాలివాన. తెల్లవారుతుంటే ఆడవాళ్ళు తోటలో రాలిన కాయ ఏరడానికి వెళ్ళారు. గాలివాన మర్నాడు పొద్దెక్కకముందు ఏరాలి, ఎండ తగిలితే కాయ కుళ్ళుతుంది. ఆకు చెత్త మోకాలి లోతు పడి ఉంది. దయామణి చెత్తలోకి చెయ్యి పెట్టింది. కాయ అనుకుంది. మణికట్టు పైన రెండు చుక్కలు, అంతే, రక్తం కూడా లేదు. నన్ను పిలవలేదు, నేను దగ్గర్లోనే ఉన్నా, తమ్ముణ్ణి పిలిచింది. ట్రాక్టరు వాడి దగ్గరుంది కాబట్టి. నాకు అది గుచ్చుకుంది. పాము కరిచిన మనిషి ఎవరిని పిలిచిందని నాకు గుచ్చుకుంది. వాడు కదిలాడు. గోడ దాటాడు. నేను ఎడమ లాగాను, నొక్కాను, తగిలింది. ఒకటి. వాడు లేచి కొట్టాడు, ఒకటి. ట్రాక్టరు వెనక ట్రక్కులో వరిగడ్డి మీద పడుకోబెట్టాం, తల నా ఒళ్ళో. కుడివైపు తారురోడ్డు, వంతెన, ఆరుమైళ్ళు ఎక్కువ. ఎడమవైపు వాగు, దాటితే నూజివీడు కనిపిస్తుంది. శౌరి ట్రాక్టరు ఆపి వెనక్కి తిరిగాడు. బావా, ఎటు? నన్నే అడిగాడు. వాడికి తెలియక కాదు, నేను పెద్దవాణ్ణని, ఆమె నా పెళ్ళామని. వాగు అన్నాను. ఎగువన వాన పడింది బావా, ఇసక ఎలాగుందో అన్నాడు. నిన్న సాయంత్రం నా బండి దాటింది, ఆ రేవు నాకు తెలిసినట్టు నీకు తెలుసా, తోలు అన్నాను. రెండు రెండు. మూడు రెండు, వాడిది. మూడు మూడు. వేళ్ళు తడిసి కర్రలు జారుతున్నాయి. పాతికేళ్ళు ఆ రేవు దాటాను, ఏ రాత్రయినా, ఏ వానలోనైనా. ఎద్దు ఒక అడుగు వేసి ఆగేది, గిట్టతో ఇసకని ఒత్తి చూసేది, పనికిరాదంటే పక్కకి జరిగి ఇంకోచోట అడుగు వేసేది. నేను పగ్గాలు వదులుగా పట్టుకుని బీడీ కాల్చుకునేవాణ్ణి. వాగు నాకు తెలుసనుకున్నాను. తెలిసింది ఎడ్లకి. ట్రాక్టరు ఆగదు, ఒత్తి చూడదు, తోలితే దిగుతుంది. దిగింది. వెనక చక్రం ఇరుసుదాకా పోయింది. నాలుగు మూడు, నాది. వాడు ఇంకో సందులోంచి వచ్చాడు, నేను చూడలేదు, నాలుగు నాలుగు. వాడు కిందికి దూకి చేతులతో ఇసక తోడాడు, కుక్క తోడినట్టు. రాళ్ళు తెచ్చి చక్రం కింద పెట్టాడు, గడ్డి లాగి పెట్టాడు, చొక్కా విప్పి పెట్టాడు. నేను దిగలేదు. ఒళ్ళో తలకాయ ఉంది కదా అని దిగలేదు. రెప్పలు వాలిపోతున్నాయి ఆమెకి, మాట ముద్దగా వస్తోంది. ఐదు నాలుగు. ఐదు ఐదు. తర్వాత ఆసుపత్రి వరండాలో డాక్టరు ఇంకాస్త ముందొస్తే అని ఆగిపోయాడు. ఊరు ఊరంతా అక్కడుంది. నేను వేలు చూపించి, వీడు చంపాడు అన్నాను. ఆ వేలు అటు ఎందుకు పోయిందో నాకు తెలుసు. అటు పోకపోతే ఇటు తిరగాలి. శౌరి తల ఎత్తి ఒక్కసారి నన్ను చూశాడు, మళ్ళీ దించేశాడు. ఒప్పుకున్నాడనుకున్నారు అందరూ. వాడు ఒప్పుకోలేదు. నన్ను ఆ పూటకి వదిలేశాడు. ఆరు ఐదు, నాది. అంకెలు ఆరి వెలగడం మొదలుపెట్టాయి. ఇంకెంతసేపు, పాతిక అంకెలు లెక్కపెట్టేంత. ఇలాగే మూలన కూర్చుంటే చాలు. వాడు రావాలి, నేను కాదు. గెలుస్తాను, వాడు బస్సెక్కుతాడు, నేను అత్త చెయ్యి పట్టుకుని ఊరికి పోతాను, అంతా ఎలా ఉందో అలాగే ఉంటుంది. ఎలా ఉందో అలాగే. వాడు గోడ వెంట వచ్చాడు, మెల్లిగా, నల్లముక్కు ముందు, నేను కొట్టాను, గోడ అంచు తగిలి గుండు ఆరిపోయింది. వాడు కొట్టాడు. ఆరు ఆరు. ఇద్దరం తిరిగాం. ఇప్పుడు మధ్యలో ఉన్నాం, ఎదురెదురుగా, చాటు లేదు. పాండురంగారావు కుర్చీలోంచి లేచి మా వెనక నిలబడ్డాడు, అతని ఊపిరి నా మెడకి తగులుతోంది. నేను ముక్కు తిప్పుతున్నాను, వాడు తిప్పుతున్నాడు, నాది ముందు తిరిగింది, నొక్కాను, వాడు అప్పటికే జరిగాడు, గుండు ఆ పక్క నుంచి పోయింది. వాడి గుండు వస్తోంది. తెల్ల చుక్క. అది వస్తుండగా చూశాను, చాలాసేపు చూసినట్టుంది, పక్కకి తిప్పితే చాలు, ఒక కర్ర లాగితే చాలు. రెండూ లాగాను. గుండెల మీదికి లాగాను, బలంగా, ఎదురుగా గొయ్యి కనపడితే ఎవడైనా బండివాడు లాగినట్టు. ఎడ్లయితే ఆగేవి. ఆగి నిలబడేవి, నన్ను కాపాడేవి. ఇది ఆగలేదు. రెండూ లాగితే వెనక్కి వస్తుందని చెప్పారు నాకు మొదటే. వెనక్కి పోయింది, గుండు నన్ను అందుకోలేకపోయింది, వెనకాల ఏముందో నేను చూడలేదు, పేలిపోయింది. మందుపాతర. ట్యాంకు తిరుగుతూ తిరుగుతూ ఉండగానే తెర నల్లబడింది. ఏడు ఆరు.

చేతులు ఇంకా కర్రల్ని గుండెకి పట్టుకునే ఉన్నాయి. పాండురంగారావు పెద్దగా ఊపిరి వదిలాడు. "ఇలాంటి ఆట ఈ కొట్లో ఎవరూ ఆడలేదండీ," అన్నాడు. "మీకు మీరే పోయారు, వాడు కొట్టలేదు మిమ్మల్ని." ఓడిపోయాను. ఒంట్లో మాత్రం, ఎత్తయిన చెట్టు మీంచి జారి కింది కొమ్మ దొరికినప్పటిలా, భయమూ సంతోషమూ విడదీయలేకుండా ఉన్నాయి. వాగులో కూడా అంతే చేశాను. ఎదురుగా ఉన్నదాన్ని చూసి భయపడి, చేతికి అలవాటైనదే చేశాను. ఆ సంగతి ఎవరన్నా చెబితే ఒప్పుకునేవాణ్ణి కాదు. ఈ చేతులు చేసి చూపించాయి. దానివల్ల తప్పు తగ్గదు. తగ్గుతుందని నేను అనను. భయంలో అన్న మాట ఒక్కటే, వాగు అన్నది. వరండాలో అన్నది భయంలో అన్నది కాదు, ఆ తర్వాత నాలుగేళ్ళూ చెప్పనిదీ భయంలో చెప్పనిది కాదు.

శౌరి బొత్తాం మీంచి వేలు తీశాడు. "వద్దులే బావా," అన్నాడు మెల్లిగా. "ఆటకన్నాను. అమ్మ ఈ వయసులో తట్టుకోలేదు. నేనెలాగూ పోతున్నా."

వాడు వదిలేస్తే నేను తేలిగ్గా వెళ్ళిపోవచ్చు. నాలుగేళ్ళూ వాడు వదిలేస్తూనే ఉన్నాడు, నేను వెళ్ళిపోతూనే ఉన్నాను. బయటికొచ్చాను. ఎండ నెత్తి మీద దెబ్బలా పడింది. రోడ్డు దాటుతుంటే లారీవాడొకడు ఏయ్ పెద్దాయనా అని అరిచాడు. షెడ్డులోకి వెళ్ళి అత్త పక్కన కూర్చున్నాను. ఆమె నా అడుగు గుర్తుపట్టింది.

"బస్సొచ్చిందా చిన్నయ్యా?"

"రాలేదు."

"వాడేడి?"

వాడేడి అంది. నాలుగేళ్ళలో వాడెక్కడని నన్ను అడగడం అదే మొదటిసారి. ఎంత ఆపుకున్నా నోరు జారిందేమో. నేను నేల వైపు చూస్తూ చెప్పాను. చిన్న మాటే. వాగు దారిన తోలమన్నది నేను. వాడు వద్దన్నాడు. నేను తోలమన్నాను. ఇంతే, ఇంకేం లేదు. నాలుగేళ్ళు మోసింది రెండు గుక్కల్లో అయిపోయింది. తిడుతుందనుకున్నాను. కొడుతుందేమో, కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. క్యారేజీ మూత మీద చెయ్యి అలాగే ఉంది. ఆమె చూపు ఎక్కడో రోడ్డు మీద ఉంది. ఆ కళ్ళకి రోడ్డు కనపడదు. ఒక బస్సు వచ్చింది, ఏలూరుది, వెళ్ళిపోయింది. అప్పుడు అడిగింది.

"అది నీ ఒళ్ళోనే కదా ఉంది. ఏమైనా అందా?"

నాలుగేళ్ళలో ఎవరూ అడగలేదు నన్ను ఆ మాట. అడిగే సందు నేనివ్వలేదు. ఎప్పుడు చూసినా శౌరిని తిడుతూ ఉండేవాణ్ణి, తిట్టేవాణ్ణి పట్టుకుని నీ పెళ్ళాం ఆఖరున ఏమందని ఎవరడుగుతారు? కన్నతల్లి, ఆమె కూడా అడగలేకపోయింది. కూతురి ఆఖరి మాట నా దగ్గర ఉందని తెలిసి, నాలుగేళ్ళు నా మొహం చూస్తూ ఊరుకుంది.

"అంది," అన్నాను. "వాగు దాటామా అని అడిగింది."

"నువ్వేమన్నావు?"

"దాటామన్నాను."

"అప్పటికి?"

"అప్పటికి మధ్యలోనే ఉన్నాం. వాడు ఇసక తోడుతున్నాడు."

"నమ్మిందా?"

"నమ్మింది. అయితే వచ్చేసినట్టేలే అంది. నువ్వు ఊరికే గాబరాపడకు అని నన్నే అంది. తర్వాత మాట్లాడలేదు."

జోజమ్మ పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి, చప్పుడు రాలేదు. కాసేపటికి కొంగు తీసింది. నా వైపు తిరగలేదు, నన్నేమీ అనలేదు. ఏమీ అనదు కూడా, ఆ సంగతి నాకు అర్థమైంది, ఇక నాకు ఆ ఇంట్లో అన్నం దొరకవచ్చు, మాట దొరకదు. శౌరి షెడ్డు స్తంభం దగ్గరిదాకా వచ్చి, తన రేకుపెట్టె చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. మేమేం మాట్లాడుకున్నామో వాడికి వినపడలేదు. ఎండలో నిలబడ్డ ఆకారమే ఆమెకి తెలిసి ఉంటుంది. క్యారేజీ పక్కన పెట్టి, బల్ల మీద తన పక్కన చోటు చేత్తో తుడిచింది.

"ఒరే శౌరీ," అంది. "ఇలా వచ్చి కూర్చో. మీ అక్క ఏమందో విను."

వాడు కదల్లేదు. ఇంకోసారి పిలిచింది, గొంతు పెంచి, ఇంట్లో పిలిచినట్టు. వాడు వచ్చి కూర్చున్నాడు. ఆమె వాడి చెయ్యి వెతికి పట్టుకుని, మొహం రోడ్డు వైపే ఉంచి, నాతో అంది.

"చెప్పు. మొదటి నుంచి చెప్పు."

చెప్పాను.